ఎర్ర దారం కట్టిన మొక్క

మావయ్య ముందు, నేను వెనక. ఏప్రిల్ నెల, తెల్లవారి ఐదున్నర. కాట్రేనికోన ఊరు వెనకబడింది. కొబ్బరి తోటల మధ్య గట్టు మీద నడుస్తుంటే రాలిన పిందెలు కాళ్లకు తగిలి దొర్లుతున్నాయి. సముద్రం ఇక్కణ్నుంచి కనబడదు గానీ, గాలి తిరిగినప్పుడల్లా పెదవుల మీద ఉప్పు తెలుస్తుంది. కాలువలు కట్టేసి అప్పటికి వారం. అడుగున మిగిలిన నీళ్లలో కొంగలు కదలకుండా నిలబడి ఉన్నాయి. నా భుజాన ఐసుపెట్టె, చేతిలో గుడ్డసంచి. సంచిలో కత్తెర, అద్దుడు కాగితాలు, పెన్సిలు, జిప్పు కవర్లు, ఒక ఎర్ర దారపు ఉండ.

గట్టు దిగగానే ఇరవై సెంట్ల మెరక చెక్క. మూడు వైపులా కొబ్బరి, నాలుగో వైపు ముళ్లకంచె. సగం బెండ, పక్కన కాకర పందిరి, కంచె వారన నాలుగు వరసల వంగ. కొబ్బరి డబ్బు ఎప్పుడో దింపు తీసినప్పుడు వస్తుంది, వచ్చిన దారినే అప్పులకి పోతుంది. ఉప్పుకీ పప్పుకీ చేతిలో ఆడే డబ్బు మాత్రం ఈ చెక్కదే. అత్తయ్య రోజు విడిచి రోజు గంప నింపి పంపుతుంది.

"ఇదిగోనమ్మడూ" అని మావయ్య ఒక బెండ ఆకుని వేలి మీదికి ఎత్తి చూపించాడు.

చూడండి ఆ ఆకుని. ఈనెలన్నీ పసుపు. నడి ఈనె నుంచి పక్క ఈనెలకి, వాటి నుంచి వెంట్రుకంత పిల్ల ఈనెలకి పసుపు పాకింది. పచ్చ చీర మీద జరీ వల పరిచినట్టుంది. రెండు మొక్కల అవతల తెగులు ఇంకా ముదిరి, ఆకు మొత్తం మీగడ రంగుకు తిరిగింది. కాయ పొట్టిగా, పాలిపోయి ఉంది. కొస విరుద్దామంటే టప్పున విరగడం లేదు, పీచు సాగుతోంది. అలాంటి కాయని గంపలో పెడితే మిగతా గంప ధర కూడా పడిపోతుంది.

పల్లాకు తెగులంటారు దీన్ని. శంఖు రోగమనీ అంటారు. వ్యవసాయశాఖ కరపత్రాల్లో ఎల్లో వీన్ మొజాయిక్ అని రాస్తారు. మావయ్యకి ఈ పేర్లేవీ అక్కర్లేదు. ఆయనకి కారణం కావాలి. "ఉప్పే అమ్మడూ. కాలువ కట్టేసేక బోరు నీళ్లు పెట్టేను. దానివల్లే ఇదంతా." మందుల కొట్టులో అడిగితే ఇనుము లోపమన్నారట. పొట్లం కలిపి చల్లాడు. తగ్గలేదు. ఇంకో సీసా ఇచ్చారు. అదీ అయ్యాక మరొకటి. మూడు సీసాలూ గట్టు మీద వరసగా పెట్టి ఉన్నాయి, నాకు చూపించడానికే.

నేను ఆయన పక్కన గొంతుక్కూర్చుని రెండు ఆకులు తెంపాను. ఒకటి బెండది, రెండోది పక్కనే మొలిచిన ఒక లేత కలుపు మొక్కది. ఇసుక నేలలో ఇనుము అందక అది నిజంగానే పాలిపోయింది. "మావయ్యా, రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఇనుము తక్కువైతే ఈనెలు పచ్చగా నిలబడతాయి, మధ్య ఆకు పాలిపోతుంది. నీ బెండలో తిరగబడింది. ఈనెలు పసుపు, మధ్యలో పచ్చ. ఉప్పు తగిలితే ఆకు అంచులు ముందు మాడతాయి. ఇక్కడ అంచులు బాగానే ఉన్నాయి."

మావయ్య రెండు ఆకులూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నలభై ఏళ్లుగా ఆకుల్ని చూస్తున్న మనిషి. ఒకసారి తేడా కనబడ్డాక ఆయన కన్ను నాకంటే వేగంగా పరుగెత్తింది. "ఆయ్, అవును" అన్నాడు. లేచి వరసలో ముందుకి వెళ్లి "ఇది ఈనె పసుపే. ఇదీ ఈనె పసుపే. ఇది మాత్రం బాగుంది" అంటూ లెక్కపెట్టడం మొదలెట్టాడు.

ఇప్పుడు బాగా తెగులు పట్టిన మొక్క దగ్గర వంగి, లేత ఆకుని మెల్లగా, ఊపిరి బిగబట్టి వెనక్కి తిప్పండి. తెల్లని నలుసులు. నువ్వుగింజలో మూడో వంతు కూడా ఉండవు. ఎండెక్కితే చెయ్యి ఆనగానే పిండి చల్లినట్టు లేచిపోతాయి. ఈ వేళప్పుడు చలికి ఇంకా మత్తుగా ఉంటాయి గనకే చీకటితో వచ్చాం. తెల్లదోమ. 1889లో గ్రీసు దేశంలో గెన్నాడియస్ అనే ఆయన పొగాకు మొక్కల మీద దీన్ని చూసి శాస్త్రానికి పరిచయం చేశాడు. పైకి ఒకేలా కనిపించే ఈ పురుగులో లోపల చాలా జాతులున్నాయని తర్వాత జన్యువులు చూసి తెలుసుకున్నారు. ఆకు ఈనెలోకి సూదిలాంటి నోరు దించి రసం పీలుస్తుంది. ఆ రసంతోపాటు వైరస్ కడుపులోకి పోతుంది, పేగు గోడ దాటి రక్తంలోంచి లాలాజలంలోకి చేరుతుంది. ఆ ప్రయాణానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ తర్వాత ఆ దోమ ఏ మొక్క మీద వాలి నోరు దించినా వైరస్ దిగుతుంది. ఒక్క దోమ చాలు.

గాజు గొట్టానికి రబ్బరు గొట్టం తగిలించి, నోటితో గాలి లాగి, పది దోమల్ని స్పిరిటు ఉన్న బుడ్డిలోకి దించాను. అప్పుడు ఆకుల వంతు. కొసనున్న లేత ఆకులే కావాలి, అక్కడే వైరస్ బాగా పెరుగుతుంది. ఒక్కో మొక్కకి ఒక్కో కవరు. అద్దుడు కాగితంలో మడిచి, నీలి సిలికా గుళికలతో కలిపి బిగించడం. తడి పీల్చుకుంటే గుళికలు గులాబీ రంగుకు తిరుగుతాయి, అప్పుడు మార్చాలి. కవరు మీద పెన్సిలుతోనే రాయాలి. సిరాతో రాస్తే మంచుకి కరిగి, ఏ ఆకు ఏ మొక్కదో తెలియకుండా పోతుంది. పంట, తేదీ, ఊరు, వరస నంబరు. తెగులు లేని మొక్క ఆకూ తీయాలి. కంచెలో మొలిచిన తుత్తురుబెండ ఆకూ తీయాలి. బెండకి చుట్టమే అది. పంట లేని నెలల్లో తెల్లదోమకి అదే ఇల్లు.

అయిదో వరసలో తెగులు అన్ని దశల్లోనూ కనిపించే మొక్క ఒకటి దొరికింది. దాని కాండానికి ఎర్ర దారం కట్టాను. "మావయ్యా, దీన్ని మాత్రం పీకకు. మళ్లీ ఆకులు కావాల్సి రావచ్చు." ఆయన తలూపాడు.

కాకర పందిరి కింద వెలుగు పచ్చగా పడుతోంది. అక్కడి ఆకుల్లో కొన్నిట పచ్చ, లేతపచ్చ మచ్చలు కలగాపులగంగా ఉన్నాయి, ఆకు ముడతపడి చిన్నదైంది. రెండు తీగలు మరీ వింతగా ఉన్నాయి. కణుపుల దూరం తగ్గి, ఆకులన్నీ గుత్తిగా చేరాయి. వాటిని వేరే కవర్లలో పెట్టాను. వంగలో ఒక మొక్కకి గోరంత ఆకులు చీపురు కట్టలా గుబురుకట్టాయి, ఒక్క పువ్వు లేదు. మావయ్య చూడగానే "వెర్రి తెగులు" అన్నాడు.

ఈ వెర్రి తెగులు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, మా పని ఎంత జాగ్రత్తగా చెయ్యాలో ఇది నాకు ఎప్పుడూ గుర్తుచేస్తుంది. 1930ల చివర్లో కోయంబత్తూరు ప్రాంతంలో దీన్ని నమోదు చేసినవాళ్లూ, తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు దీని మీద పనిచేసినవాళ్లూ వైరస్ అనే అనుకున్నారు. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు ఇలాంటి గుబురు తెగుళ్లున్న మొక్కల్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి, లోపల ఉన్నవి గోడలేని బ్యాక్టీరియాలని చూపించారు. ఇప్పుడు ఫైటోప్లాస్మా అంటున్నాం. మన కోనసీమ పేరు మోస్తున్న తెగులు కూడా ఆ కోవదే. 1949 తుపాను తర్వాత తాటిపాకలో కొబ్బరి చెట్లు కృశించిపోయాయి, ఆ ఊరి పేరే తెగులుకి పెట్టి తాటిపాక తెగులన్నారు. కంటికి ఒకేలా కనబడేవి లోపల వేరు. కంటికి వేరుగా కనబడేవి లోపల ఒకటి. అందుకే ఆకుని చూసి ఆగిపోకూడదు, లోపలి రాత చదవాలి.

ఎండెక్కింది. అత్తయ్య తరవాణి గిన్నె, ఉల్లిపాయ పట్టుకుని గట్టు మీదికొచ్చింది. తిని, పెట్టె మూత బిగించి, అమలాపురం బస్సెక్కాను. బస్సు ముమ్మిడివరం దాటేదాకా పెట్టె ఒళ్లోంచి దింపలేదు.

ఇప్పుడు ల్యాబు. కిటికీలు మూసిన గది, ఏసీ హోరు. చలవరాతి కల్వంలోకి ద్రవ నత్రజని పోస్తే తెల్లని పొగ అంచులు దాటి బల్ల మీద పాకుతుంది. అందులో పడ్డ ఆకు అప్పడంలా పెళుసెక్కుతుంది. నూరితే చక్కటి పచ్చ పొడుం. ఇక్కడే బెండ మనల్ని ఏడిపిస్తుంది. కాయలో ఉన్న జిగురు ఆకులోనూ ఉంది. డీఎన్ఏ తీయబోతే జిగురంతా దాన్ని పట్టుకుని వస్తుంది, గొట్టంలో సాగుతుంది, తర్వాత వాడే ఎంజైముల్ని పనిచెయ్యనివ్వదు. అందుకే సీటాబ్ అనే సబ్బులాంటి పదార్థం, దండిగా ఉప్పు కలిపిన ద్రావణంలో 65 డిగ్రీల వేడిలో ఉంచి, క్లోరోఫాంతో కడిగి, మళ్లీ కడిగి, చివరికి చల్లని ఐసోప్రొపనాల్ పోస్తాం. గొట్టాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుని మెల్లగా తిప్పండి. అడుగు నుంచి దూదిపోగులాంటి తెల్లని దారం ఒకటి మెలితిరుగుతూ లేస్తుంది. అదే డీఎన్ఏ. బెండ మొక్కదీ, దానిలో దాగినదానిదీ కలిసి.

ఆ రెంటినీ విడదీయడం ఎలా? వైరస్ స్వభావమే దారి చూపిస్తుంది. పల్లాకు తెగులు తెచ్చే వైరస్‌లు బెగోమో అనే ప్రజాతికి చెందినవి. వాటి కుటుంబానికి జెమిని అని పేరు, కవలలన్న అర్థంలో. రెండు గుండ్రని గుల్లలు అతుక్కున్నట్టుంటుంది రేణువు. మిల్లీమీటరుని ముప్పై వేల ముక్కలు చేస్తే సుమారు ఒక ముక్కంత పొడవు. లోపల ఒంటి పోగు డీఎన్ఏ, కొసలు లేని చక్రం. మొక్క డీఎన్ఏ పొడుగాటి దారం, వైరస్‌ది ఉంగరం. ఫై29 అనే ఎంజైముకి ఉంగరాలంటే ప్రీతి. గానుగెద్దులా చక్రం చుట్టూ ఆగకుండా తిరుగుతూ నకలు మీద నకలు తీస్తుంది. 2004లో బ్రెజిల్ పరిశోధకులు ఈ పద్ధతిని జెమిని వైరస్‌ల మీద వాడి చూపించాక మా పని సగం తేలికైంది. అంతకుముందు, వెతుకుతున్న వైరస్ ఎలా ఉంటుందో కొంతైనా ముందే తెలిసి ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ ముందస్తు ఊహా లేకుండా గొట్టంలో ఉన్న చిన్న చక్రాలన్నిటినీ పెంచవచ్చు. 30 డిగ్రీల వేడిలో గొట్టాన్ని పెట్టేసి రాత్రంతా వదిలేయాలి.

ఆ రాత్రుల్లో నాకు పటాన్‌చెరు గుర్తొస్తుంది. తెలుగు నేల మీద వైరస్‌ని సరిగ్గా గుర్తుపట్టడం అంటే ఏమిటో నేర్పిన కథ అక్కడిదే. వేరుశనగలో మొవ్వుకుళ్లు తెగులు రైతుల్ని కుంగదీస్తున్న రోజుల్లో ఇక్రిశాట్ పరిశోధన కేంద్రంలో డి.వి.ఆర్. రెడ్డి, ఆయన సహచరులు దాన్ని పట్టుకున్నారు. 1979లో ప్రచురించినప్పుడు, ప్రపంచానికి అప్పటికే తెలిసిన టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ అనుకున్నారు. లక్షణాలు అలాగే ఉన్నాయి, తామర పురుగులే మోస్తున్నాయి. కానీ వాళ్లు అక్కడితో ఊరుకోలేదు. వైరస్‌ని శుద్ధిచేసి, దానికి ప్రతిరక్షకాలు తయారుచేసి, స్పాటెడ్ విల్ట్ ప్రతిరక్షకాలతో పోల్చి చూశారు. ఒకదాన్ని ఒకటి గుర్తుపట్టలేదు. 1992లో ఇది వేరే వైరస్ అని తేల్చారు. గ్రౌండ్‌నట్ బడ్ నెక్రోసిస్ వైరస్ అని ఇప్పుడు ప్రపంచమంతా పిలుస్తున్నది దాన్నే. మోసే పురుగు విషయంలోనూ అంతే. మొదట్లో వేరే తామర పురుగుల్ని అనుమానించారు, చివరికి త్రిప్స్ పామి అని తేలింది. 1996 నాటికి టి. సత్యనారాయణ తదితరులు దాని ఆర్ఎన్ఏ ముక్కల్లో కొన్నిటిని పూర్తిగా చదివేశారు. వేరుశనగ పేరు పెట్టుకున్న ఆ వైరసే టమాటాలో, మిరపలో, అలసందలో, బఠాణీలో కూడా బయటపడింది. కూరగాయల రైతుకి అది ఈనాటికీ పక్కలో బల్లెం.

పేరు తప్పయితే ఏమవుతుంది? 2000వ సంవత్సరం అనంతపురం చెబుతుంది. ఆ ఏడు వేరుశనగ చేలు కాండం మాడి నిలువునా ఎండిపోయాయి. చూడగానే మొవ్వుకుళ్లే అనిపించింది. పరీక్షిస్తే వేరే కుటుంబానికి చెందిన టొబాకో స్ట్రీక్ వైరస్. గట్ల మీద విరగబూసిన వయ్యారిభామ ఏ లక్షణమూ చూపకుండా దాన్ని దాచుకుంది. పుప్పొడిలో వైరస్, ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని తామర పురుగులు చేలోకి వచ్చాయి. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. మొవ్వుకుళ్లు అనుకునే ఊరుకుని ఉంటే గట్టు మీది వయ్యారిభామ వైపు ఎవరు చూసేవారు?

తెల్లవారింది. గొట్టంలో ద్రవం చిక్కబడింది. దాన్ని కత్తెర ఎంజైముతో ఒకచోట తెంపి, జెల్లులో పోసి, కరెంటు పెట్టి, నీలి దీపం కింద చూశాం. బెండ వరసల్లో 2,700 అక్షరాల పొడవు చూపే గుర్తు దగ్గర ఒక గీత వెలిగింది. దాని కింద, ఇంచుమించు సగం పొడవు దగ్గర మరో గీత. తెగులు లేని మొక్క వరస చీకటిగానే ఉంది. నా పక్కనున్న పరిశోధక విద్యార్థిని చప్పట్లు కొట్టింది. ఎన్నిసార్లు చూసినా నాకూ గుండె ఝల్లుమంటుంది.

ఆ గీతల్ని కోసి, బ్యాక్టీరియాలో పెంచి, చదవడానికి పంపాం. తిరిగొచ్చింది 2,700 పైచిలుకు అక్షరాలు. ఏ, టి, జి, సి, ఆ నాలుగే మళ్లీ మళ్లీ. ఒక ఇన్‌లాండు కవరు మీద పట్టేంత ఉత్తరం. మనిషి ఉత్తరం 300 కోట్ల అక్షరాలు. ఇంత చిన్న రాతలో ఆరేడు జన్యువులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నకలు తీసుకునే యంత్రం దీని దగ్గర లేదు, మొక్కదే వాడుకుంటుంది. తెర మీద వేలు పెట్టి నేను ముందుగా వెతికేది ఒక్క మాట: టి-ఏ-ఏ-టి-ఏ-టి-టి-ఏ-సి. జెమిని వైరస్‌లకి ఇది ఇంటిపేరు లాంటిది. ఇక్కడ తెంపుకునే కొత్త నకలు మొదలవుతుంది. దొరికింది.

ఇక పోలిక. ప్రపంచంలో ఎక్కడెక్కడో చదివిన వైరస్‌ల రాతలన్నీ జెన్‌బ్యాంక్ అనే భాండాగారంలో ఉంటాయి. మనది అక్కడ పెట్టి పోల్చాలి. బెగోమో వైరస్‌లకి 2015లో గీత గీశారు. మొత్తం రాతలో నూటికి 91 కంటే తక్కువ పోలిక ఉంటేనే కొత్త జాతి. 91, ఆపైన ఉంటే తెలిసిన జాతిలోనిదే. ఈ లెక్కన ఇప్పటికే నాలుగు వందలకు పైగా జాతులు తేలాయి. అంత వేగంగా పెరగడానికి కారణముంది. ఒకే మొక్కలో రెండు వైరస్‌లు చేరితే ముక్కలు మార్చుకుంటాయి. తల ఒకదానిది, తోక ఒకదానిది. అలా పుట్టినది కొత్త పంట మీద బతికి బట్టకడితే, మరుసటి ఏటికి చేలో కనబడుతుంది.

మన బెండ నమూనా ఆ గీతకి చాలా పైన ఉంది. పాతదే. బెండ ఎల్లో వీన్ మొజాయిక్ వైరస్. 1924లోనే నాటి బొంబాయి ప్రెసిడెన్సీలో నమోదైన తెగులు.

విద్యార్థిని మొహం వాడిపోయింది. కొత్తది దొరికితే పేరు, పత్రం, గుర్తింపు. నేనూ ఆ వయసులో అలాగే ఉండేదాన్ని. ఇప్పుడు నాకు వేరేలా అనిపిస్తుంది. ఇరవై సెంట్ల చెక్కలో ఏముందో కచ్చితంగా తెలిసింది. తెలిసిన శత్రువు మీద నూరేళ్లుగా పోగైన అనుభవమంతా మావయ్యకి అక్కరకొస్తుంది. కొత్తదైతే ఆయనకి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఆ రెండో గీత సంగతి చెప్పాలి. సుమారు 1,350 అక్షరాల బుల్లి చక్రం, బీటాశాటిలైట్. తనంత తాను నకలు తీసుకోలేదు, వైరస్ భుజమెక్కి బతుకుతుంది. కానీ పసుపంతా దీని పుణ్యమే. దీనిలోని ఒకే ఒక జన్యువు మొక్క రక్షణని నిద్రపుచ్చుతుంది. మధురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో జోస్, ఉష 2003లో పసుపు దీనివల్లేనని తేల్చారు. వైరస్ చక్రాన్ని ఒక్కదాన్నే అగ్రోబ్యాక్టీరియా చేత బెండ మొక్కల్లోకి ఎక్కిస్తే ఆకులు కొద్దిగా ముడుచుకున్నాయంతే, రెండూ కలిపి ఎక్కిస్తేనే ఈనెలు పసుపెక్కాయి. రాత చదవడంతో పని అయిపోదని నేను పిల్లలకి ఇందుకే చెబుతాను. చదివినదాన్ని మళ్లీ మొక్కలో పెట్టి, అదే తెగులు మన కళ్ల ముందు పుట్టాలి. అప్పుడే నేరం రుజువైనట్టు.

అదే 2003లో ఇంకో ముచ్చట బయటికొచ్చింది. 752వ సంవత్సరంలో జపాన్ మహారాణి కోకెన్ ఒక చిన్న కవిత చెప్పింది. నడి వేసవిలోనే ఒక మొక్క ఆకులు పసుపెక్కిన సంగతి అందులో ఉంది. ఆ జాతి మొక్క యూపటోరియంలో ఈనెలు పసుపెక్కడానికి బెగోమో వైరస్సూ, దానితో కలిసిన బీటాశాటిలైటూ కారణమని పరిశోధకులు చూపించారు. రాతలో మిగిలిన మొట్టమొదటి మొక్క వైరస్ ప్రస్తావన అదేనంటారు. మావయ్య వేలి మీది ఆకుని చూసినప్పుడు నాకు ఆవిడ గుర్తొచ్చింది. పదమూడు వందల ఏళ్ల కిందట ఎవరో ఆగి, ఒక ఆకుని అంత శ్రద్ధగా చూశారు.

కాకర నమూనాల్లో మచ్చలున్నవాటికి జవాబు దొరికింది. టమాటా లీఫ్ కర్ల్ న్యూఢిల్లీ వైరస్. రెండు చక్రాలున్న రకం. పేరు టమాటాది, ఊరు ఢిల్లీది, ఉన్నది కాట్రేనికోన కాకర పందిరి మీద. 2012లో ఇదే వైరస్ స్పెయిన్‌లో గుమ్మడి జాతి కూరగాయల మీద పడి ఐరోపాని ఉలిక్కిపడేలా చేసింది. మిగిలినవి ఆ గుత్తి ఆకుల తీగలు రెండూ. వాటి వరసలు జెల్లులో చీకటి. చక్రం లేదు. తెలిసిన ఆర్ఎన్ఏ వైరస్‌ల పరీక్షలకీ పలకలేదు.

అలాంటివాటికి ఒక మంచి దారి ఉంది. మొక్క తనలో చొరబడిన వైరస్‌ని పట్టుకుని 21 నుంచి 24 అక్షరాల తునకలుగా నరికేస్తుంది. అది దాని రక్షణ. ఆ తునకలన్నిటినీ ఏరి, చదివి, అంచులు కలుపుతూ అతికిస్తే నరికిన వైరస్ తిరిగి నిలబడుతుంది. 2009లో పెరూలోని అంతర్జాతీయ బంగాళదుంప కేంద్రంలో క్రూజ్ బృందం చిలగడదుంప మీద ఈ పద్ధతి చేసి చూపించింది. ఎవరికీ తెలియని వైరస్‌లు కూడా బయటపడ్డాయి. మనకి తెలియని దొంగని మొక్క ముందే గుర్తుపట్టి ఉంచింది. కాకర తీగల ఆర్ఎన్ఏని ఆ చదువుకి పంపాను. అది తేలేసరికి ఇంకా నెలలు పడుతుంది.

జెన్‌బ్యాంకులో చేర్చేటప్పుడు ఒక్కో రాతకి కొన్ని గడులు నింపాలి. పంట, తేదీ, దేశం, ఊరు, సేకరించినవారు. కాట్రేనికోన అని కొట్టాను. చేను ఎవరిదో అడిగే గడి లేదు. ఇన్నేళ్లలో నేను నింపిన గడులన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఎంతమంది గట్ల మీద కూర్చుని తరవాణి తాగాను? ఎంతమందికి తిరిగి వెళ్లి చెప్పాను? ఆ రాత్రే తెలుగులో ఒక పేజీ రాశాను, మావయ్యకి చదవడానికి వీలుగా పెద్ద అక్షరాలతో.

జూన్ మూడో వారం. కాలువలో నీళ్లు ఎర్రగా, నిండుగా పారుతున్నాయి. వరి నారుమళ్లు దున్నుతున్నారు. అదే గట్టు, అదే వేళ. మావయ్య కాగితం చదువుతూ నడుస్తున్నాడు, నేను వెనక నుంచి చెబుతున్నాను. ఇది విత్తనంతో వచ్చింది కాదు, తెల్లదోమ మోసుకొచ్చింది. ఒకసారి మొక్కలోకి దిగాక ఏ సీసా కూడా దాన్ని తీయలేదు. పైరిత్రాయిడ్ మందులు ఎడాపెడా కొడితే తెల్లదోమ ఇంకా పెరుగుతుంది. తట్టుకునే రకం వేసుకోవాలి, అదీ ఎల్లకాలం నిలబడదు. పూసా సావని ఒకప్పుడు ఈ తెగుల్ని తట్టుకునేది, ఇప్పుడు లొంగిపోతోంది. చుట్టూ రెండు మూడు వరసల జొన్న వెయ్యి. పసుపు జిగురు అట్టలు కట్టు. ఈనె పసుపెక్కిన మొక్క కనబడ్డ రోజే పీకి తగలబెట్టు. పాత పంట పూర్తిగా పోయాకే కొత్తది వెయ్యి.

"పాతదంతా ఎప్పుడో పీకించేసేను" అన్నాడు మావయ్య.

గట్టు దిగాం. చెక్క తడిగా, నల్లగా ఉంది. వరసల్లో కొత్త బెండ మొలిచి పదిరోజులై ఉంటుంది, రెండేసి ఆకులు. వాటి మధ్యలో, అయిదో వరసలో, నిలువెత్తు మొక్క ఒకటి. తల నుంచి మొదలు దాకా పసుపు. కాండానికి వెలిసిన ఎర్ర దారం. మొదలు చుట్టూ గుండ్రంగా పాదు చేసి ఉంది.

"నీ మొక్క" అన్నాడు. "ఎండలకి పోతుందేమోనని రోజూ బిందెడు నీళ్లు పోసేను. నువ్వు పీకొద్దన్నావు గదా."

నాకు కాసేపు మాట రాలేదు. వంగి ఒక ఆకు వెనక్కి తిప్పాను. ఆకు కింద అంతా తెలుపు. నాకు జవాబు ఏప్రిల్ చివర్లోనే తెలుసు. ఒక్క ఫోను చేసి ఆ మొక్క ఇక అక్కర్లేదని చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

"మావయ్యా, పెద్ద కవరేదైనా ఉందా?"

యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. ఎండ ఇంకా పడలేదు, దోమలు మత్తుగానే ఉన్నాయి. పై నుంచి సంచిని మెల్లగా, కుదుపు లేకుండా, మొక్క మొత్తానికి తొడిగాం. ఆయన మొదలు దగ్గర సంచి మూతి బిగించి పట్టుకున్నాడు, నేను రెండు చేతులా లాగాను. తడి నేల, వేళ్లతో సహా వచ్చేసింది. సంచిలో తెల్లగా పొడి లేచింది. మూతి ముడివేసి, గట్టు మీద ఎండ తగిలేచోట పెట్టాను, అందులోనే ఉడికిపోతాయి.

మావయ్య అప్పటికే మొలకల వరసలోకి వెళ్లిపోయాడు. మోకాళ్ల మీద కూర్చుని రెండాకుల మొక్కల్ని ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూస్తున్నాడు. నేను పక్క వరస తీసుకున్నాను. సగం దాకా వెళ్లాక ఆయన తలెత్తి కంచె వైపు చూశాడు.

"మరి ఆ తుత్తురుబెండ సంగతేటి అమ్మడూ? దాని కిందా ఉంటాయన్నావు గదా."

"ఉంటాయి."

లేచి, పంచె ఎగ్గట్టి, ఇంకో సంచి కోసం పాకలోకి నడిచాడు.